నేను పాస్ చేయించిన నక్షత్రాలు

విశ్వంలో ఏడెనిమిది వందల నక్షత్రాలను నేనొక్కడినే మాయం చేశాను. అవి ముసలి నక్షత్రాలు కూడా కావు, అప్పుడే కళ్ళు తెరిచిన పసికూనలు. ఇంత ఘోరానికి నాకు కావలసి వచ్చినవి ఒక పెన్సిలు, ఒక భూతద్దం, బోలెడంత మంచి మనసు. అసలు నష్టమంతా ఆ మంచి మనసు వల్లనే జరిగింది. మీరు గనక ఈ పూట ఎవరికైనా ఉపకారం చేద్దామని చెప్పులు వేసుకుంటూ ఉంటే, కాసేపు కూర్చుని ఇది చదివి వెళ్ళండి.

నా పేరు లింబాద్రి, మాది జగిత్యాల పక్క. ఎనభై ఏడులో ఒమన్ వెళ్ళి ఇబ్రాలో ఒక రోడ్ల కంపెనీలో పడ్డాను. మా వాళ్ళంతా ఎండలో తారు పోస్తుంటే నన్ను మాత్రం ఏసీ ఉన్న ల్యాబ్‌లో వేశారు. కారణం పెద్దగా ఏమీ లేదు, పదో తరగతి పాసయ్యాను, అంకెలు గుండ్రంగా రాస్తాను. నా డ్యూటీ కంకర జల్లించడం. ఒకదాని మీద ఒకటిగా ఎనిమిది జల్లెడలు ఉండేవి. పైదానికి పెద్ద కన్నాలు, కిందికి పోనుపోను సన్నవి. అన్నిటికీ అడుగున పాన్ అని ఒక పళ్ళెం, దుమ్మంతా అందులో పడుతుంది. ఏ జల్లెడలో ఎంత ఆగిందో తూచి కాగితం మీద గీత గీయాలి. ఆ కాగితం మీద ముందే రెండు హద్దులు గీసి ఉంటాయి. మన గీత వాటి మధ్య నుంచి బుద్ధిగా నడిచిపోవాలి. హద్దు దాటిందా, పని తనిఖీ చేసే కన్సల్టెంట్ లారీలన్నిటినీ వెనక్కి తిప్పుతాడు.

హద్దు దాటించేది ఎప్పుడూ ఆ దుమ్మే. నాకు ముందు ఆ పని చేసిన ముసలాయన వెళ్ళిపోతూ, తన విద్యంతా నాకు ఒక్క నిమిషంలో ధారపోశాడు. జల్లించే ముందు కంకరను నల్లా కింద బాగా కడుగు, అప్పటికీ పాన్‌లో ఎక్కువ పడితే ఎవరూ చూడనప్పుడు బకెట్‌లో పారబొయ్యి అన్నాడు. నేను దాన్ని గురూపదేశంలా పాటించాను. పిచ్చోడి చేతిలో రాయి అని మనవాళ్ళు ఊరికే భయపడతారు. నా చేతిలో రోజూ ఇరవై కిలోల రాళ్ళు ఉండేవి, ఒక్క లారీ కూడా వెనక్కి పోలేదు.

మా ల్యాబ్ పెద్ద ఖలీల్ సార్‌ది హైదరాబాద్. ఆయన భార్య సాబిరాను నేను ఆపా, అంటే అక్కా, అని పిలిచేవాణ్ణి. పెళ్ళికి ముందు ఆమె అక్కడ నక్షత్రాల మీద పెద్ద చదువు చదువుతూ, సగంలో పెళ్ళయి ఇబ్రా వచ్చింది. తెచ్చుకున్న పెట్టెలో సగం బట్టలు, సగం ఫిల్ములు. ఆ ఏడాది ఆఖరుకల్లా థీసిస్ అందకపోతే పేరు కొట్టేస్తామని యూనివర్సిటీ వాళ్ళు ఆఖరిసారి గడువిచ్చారు. ఆరేళ్ళ చదువు గంగలో కలిసే పరిస్థితి. పని చూద్దామంటే, పాప పుట్టాక ఆమెకు కళ్ళు బాగా మందగించాయి. భూతద్దంలో పది నిమిషాలు చూస్తే తలనొప్పితో పడుకోవలసిందే. రెండు కళ్ళు అరువు కావాలి. ఖలీల్ సార్ నన్ను అడగకుండానే నావి ఇచ్చేశాడు.

శుక్రవారం కంపెనీకి సెలవు. మధ్యాహ్నం భోజనమయ్యాక ల్యాబ్ తలుపు తీసి, రెండు డబ్బాల మీద అద్దం పలక పరిచి, కింద ట్యూబ్‌లైట్ పెట్టాం. ఆపా ఒక ఫిల్ము తీసి దాని మీద వేసింది. ఎక్స్‌రే ఫిల్ము కంటే పెద్దది. అందులో ఆకాశం తెల్లగా, నక్షత్రాలు నల్లగా ఉన్నాయి. బియ్యప్పిండిలో ఆవాలు ఒలికినట్టుంది. నక్షత్రాల పని అంటే డాబా ఎక్కి మెడలు విరుచుకోవాలేమో అనుకున్నాను. పట్టపగలు, చల్లటి గదిలో, స్టూలు మీద కూర్చుని చేసే పనని తెలిశాక నాకు ఖగోళశాస్త్రం మీద అమాంతం గౌరవం పెరిగింది.

అదంతా అప్పుడే పుట్టిన నక్షత్రాల గుంపట. గ్యాసు, ధూళి కలిసిన ఒక పెద్ద మబ్బు తన బరువుకు తానే కుంగి, ముక్కలై, ఒక్కో ముక్క ఒక్కో నక్షత్రమవుతుందట. ఒక కాన్పులో పెద్దవి ఎన్ని, నడిమివి ఎన్ని, చిన్నవి ఎన్ని అన్నదే ఆపా చదువు. పసివాటినే ఎందుకు లెక్కపెట్టాలని అడిగాను.

"పెద్ద చుక్కలు ఆగమాగం కాలిపోయి జల్ది సచ్చిపోతయ్ లింబాద్రీ," అంది. "ముసలి గుంపుల చూస్తె పెద్దయి మిగలయి. అందరు బతికున్నప్పుడే హాజరు తీస్కోవాలె."

"మరి తూకం ఎట్లేస్తరు ఆపా?"

"వెలుగు చూసి. అన్ని ఒక్క దూరంలనే ఉన్నయ్ కదా. ఎక్కువ వెలిగితె ఎక్కువ బరువు. ఫిల్ము మీద ఎక్కువ వెలిగిందాని మచ్చ పెద్దగ పడ్తది. నువ్వు మచ్చ సైజు చెప్పు, బరువు నేను చూస్కుంట."

మనకూ ఆ గుంపుకూ మధ్య దారిలో నిలబడ్డ వేరే నక్షత్రాలు కూడా ఫొటోలో పడతాయట. పిలవని పెళ్ళికి వచ్చి భోజనానికి కూర్చునేవాళ్ళ లాంటివి. వాటి కోసం పక్కన ఖాళీ ఆకాశంలో అంతే మేరలో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి, మొత్తంలోంచి తీసేయాలి. ఇదంతా చెప్పి చివరగా ఆమె ఒక మాటంది. ఫిల్ము మీద దుమ్ము పడితే దూదితో తుడువు, దుమ్మును చుక్క అనుకుని లెక్కలో వేయకు అంది. మిగతా పాఠమంతా నా తల పైనుంచి పోయింది గానీ ఈ ఒక్క మాట మాత్రం గుండెలో నాటుకుంది. దుమ్ము గురించి నాకు ఒకరు చెప్పాలా?

ఆ శుక్రవారాలు ఇప్పటికీ నాకు కలలోలా అనిపిస్తాయి. బయట గుట్టలు ఎండకు మసకమసకగా కదులుతున్నట్టు ఉండేవి. లోపల ఏసీ ఒకటే రాగం తీసేది. మూలన చాప మీద పాప నిద్రపోయేది. ఆపా గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుని నేను చెప్పే అంకెలు రాసుకునేది. భూతద్దానికి కన్ను ఆనించి ఉంచితే కాసేపటికి ఆ తెల్లదనం పెద్దదవుతూ, నేనే అందులో తేలుతున్నట్టు ఉండేది. ఎక్కడో ఒక మబ్బు కుంగుతోంది, చుట్టూ చిన్న చిన్న దీపాలు ఒక్కొక్కటే అంటుకుంటున్నాయి, నేను వాటి మధ్య స్టూలు వేసుకుని కూర్చున్నాను. ఒకసారి అలాగే కునుకు పట్టి, ఆకాశాన్నంతా నా ఎనిమిది జల్లెడల్లో పోసి ఊపుతున్నట్టు కల కన్నాను. జల్లెడ జల్లెడకూ నక్షత్రాలు ఆగి తళతళలాడుతున్నాయి. మా ఆవిడకు ఉత్తరంలో నేనిక్కడ నక్షత్రాలు తూస్తున్నానని రాశాను. మీకు ఎండదెబ్బ తగిలినట్టుంది, తలకు ఆముదం పెట్టుకోండని జవాబు వచ్చింది.

మొత్తం ఆరు ఫిల్ములు. మచ్చల సైజులు ఎనిమిది. నేను అలవాటు కొద్దీ పుస్తకంలో జల్లెడ కన్నాల కొలతలతో ఇరవై ఎంఎం నక్షత్రాలు, పది ఎంఎం నక్షత్రాలు అని రాసుకున్నాను. ఆపా చూసి నవ్వి, అలాగే ఉండనిమ్మంది. మొదటి ఫిల్ము నేను చాలా నిజాయితీగా లెక్కపెట్టాను. ఒక మూల ఆమె కష్టపడి తానే చూసి సరిచూసుకుంది, ఒక్కటి కూడా తేడా రాలేదు. ఇక నీ లెక్క నేను చూడనవసరం లేదంది. మనిషిని నమ్మడంలో ఆమెకు అదే మొదటి, చివరి పొరపాటు అయి ఉంటుంది.

ఆ ఫిల్ము గీత గీస్తే పెద్దవాటి వైపు నేలబారుగా మొదలై, చిన్నవాటి వైపు పోతూ పోతూ గుట్ట ఎక్కింది. అప్పుడే కారు తాళాల కోసం వచ్చిన ఖలీల్ సార్ వంగి చూశాడు.

"ఇదేంది సాబిరా, ఇంత దుమ్మా? నా ల్యాబుల అయితె ఫెయిల్," అన్నాడు.

ఆయన నవ్వాడు. ఆపా నవ్వింది. నవ్వనిది నేనొక్కడినే. నాకు గుండెలో రాయి పడింది. ఆరేళ్ళ చదువు, ఆఖరి గడువు, చంటిపిల్ల. ఈ గీత పోయి హైదరాబాద్‌లో ఎవరో కన్సల్టెంట్ల ముందు పడుతుంది. వాళ్ళు హద్దు చూస్తారు, లోడ్ వెనక్కి పంపుతారు. పాపం ఆమెకు ఈ లోకం తీరు తెలియదు, నాకు తెలుసు. ఆ వారమంతా కంకర కడుగుతూ అదే ఆలోచించాను. నా దగ్గర ఇంత విద్య ఉండి ఆమెను ఫెయిల్ కానిస్తే ఉప్పు తిన్న ఇంటికి ద్రోహం కాదా?

రెండో ఫిల్ము దగ్గర ఎనిమిదో సైజు మచ్చలను పరీక్షగా చూశాను. వెంట్రుక కొసంత ఉన్నాయి. ఇవి నక్షత్రాలా? మీరే చెప్పండి. దూదితో తుడిచాను, పోలేదు. కొన్ని దుమ్ములు మొండివి ఉంటాయి, మా కంకరలోనూ చూశాను. ఎనిమిదో సైజు మొత్తం వదిలేశాను. ఏడో సైజులో కూడా కాస్త బక్కచిక్కినవాటిని తప్పించాను. గీత చక్కగా పైకి లేచి, బుద్ధిగా కిందికి దిగింది. మొదటి ఫిల్ములో దుమ్మును కూడా లెక్కేశాను ఆపా, మళ్ళీ చేస్తానని చెప్పి దాన్నీ కడిగేశాను. తన తప్పు తానే ఒప్పుకున్న మనిషినని ఆమె నన్ను ఖలీల్ సార్ ముందు మెచ్చుకుంది. నేను తల వంచుకుని మెప్పు పుచ్చుకున్నాను.

నాలుగు నెలల్లో ఆరు ఫిల్ములూ అయిపోయాయి. అన్నీ కలిపి గీత గీసిన రోజు ఆపా కాగితాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. ఆ తర్వాత మెల్లగా చెప్పింది. ఇంతవరకు ఎవరు ఏ గుంపు చూసినా చిన్నవే ఎక్కువట, పెద్దవి వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్నేనట. ఈ గుంపులో మాత్రం చిన్నవి పుట్టనే లేదు. ఊరందరిదీ ఒక దారి అయితే ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు, ఈ మబ్బు ఒక్కటే వేరేగా కన్నది. ఎందుకు? ఆమె అంత సంతోషంగా ఉండడం నేను అంతకుముందు చూడలేదు. లోడ్ పాసైందని నాకు అర్థమైంది.

హైదరాబాద్‌లో తన గైడ్‌కు రాసింది. మూడు వారాలకు జవాబు వచ్చింది. ఇది నిజమైతే చాలా పెద్ద సంగతి, ముందు నువ్వు వచ్చి నలుగురి ముందు చెప్పు అని ఉంది. ఆ ఉత్తరాన్ని ఆమె మడిచి, విప్పి, మళ్ళీ మడిచింది. థీసిస్ మొదటి పేజీలో నా పేరు వేస్తానంది. ఆ నెలంతా నేను నేల మీద నడవలేదు. జల్లెడ ఊపుతూ ఊపుతూ, ఎక్కడో పెద్ద హాల్లో కోట్లు వేసుకున్నవాళ్ళు నా గీత చూసి పాస్ అని ముద్ర గుద్దుతున్నట్టు కలలు కనేవాణ్ణి. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అంటారు. నేను నాలుగో కాలు విరగ్గొట్టి మరీ మూడని చూపించాను.

ప్రయాణం ఇంకో వారం ఉందనగా మస్కట్ నుంచి ఆపాకు కొత్త కళ్ళద్దాలు వచ్చాయి. ఫిల్ములు పెట్టెలో సర్దబోతూ, ఊరికే సరదాకు, ఒకటి వెలుతురు మీద వేసి భూతద్దంలో చూసింది. చూస్తూనే ఉండిపోయింది.

"లింబాద్రీ, ఇట్రా. ఇదేంది?"

"దుమ్ము ఆపా."

"ఇది?"

"గదీ దుమ్మే."

"ఒక్క ఈ మూలకే ఇరవై ఉన్నయ్. ఇరవై దుమ్మా?"

"హౌ ఆపా. గీ ఫిల్ముకు జర ఎక్కువుండె. మొత్తం కడిగేసిన."

"కడిగేసినవా?"

"లెక్కలకెల్లి. పాన్ల పడ్డదంత పారవోసిన. లేకుంటె మీది ఫెయిలైతుండె."

ఈ మాట నేను కాస్త గర్వంగానే అన్నాను. ఇన్నాళ్ళూ దాచిన ఉపకారం ఎప్పుడో ఒకప్పుడు బయటపడక తప్పదు కదా. ఆపా పెట్టెలోంచి ఇంకో ఫిల్ము తీసింది. అదే ఆకాశానికి రెండోసారి తీసిన ఫొటో అట. ప్రతి ఫిల్ముకూ అలాంటి జత ఒకటి ఉందట, తర్వాత సరిచూసుకోవడానికి అడుగున పెట్టుకుంది. దాన్ని మొదటిదాని మీద జాగ్రత్తగా జరిపి జరిపి సరిపెట్టి, భూతద్దం నా చేతికి ఇచ్చింది. చూశాను. నా దుమ్ము కణాలన్నీ ఒక్కొక్కటీ ఇంకో దుమ్ము కణం మీద కచ్చితంగా కూర్చుని ఉన్నాయి.

"దుమ్ము రెండుసార్లు ఒక్క జాగల పడదు లింబాద్రీ," అంది ఆపా.

పట్టపగలు చుక్కలు కనిపించడం అంటే ఏమిటో నాకు ఆ క్షణం తెలిసింది. అవి కూడా ఎక్కువగా ఎనిమిదో సైజువే.

ఆమె తిడితే బాగుండేది. కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టి, పోయి పాప పక్కన కూర్చుంది. ఖలీల్ సార్ వచ్చి, సంగతి విని, కంకర సంచి మీద కూలబడి పగలబడి నవ్వబోయి, ఆమె ముఖం చూసి ఆగిపోయాడు. ఆమె ఆరేళ్ళ చదువులో సంతోషంగా ఉన్నది ఆ రెండు నెలలే. ఆ సంతోషం నేను ఇచ్చిన దొంగ సంతోషం. ఇప్పుడు దాన్ని నేనే వెనక్కి లాక్కుంటున్నాను. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

కాసేపటికి ఆమె లేచి ఒక కాగితం తీసుకుని గైడ్‌కు ఉత్తరం రాసింది. కొత్త సంగతి ఏమీ లేదు, లెక్కలో పొరపాటు దొర్లింది, మళ్ళీ చేస్తున్నాను అని నాలుగు లైన్లు. నా పేరు ఎత్తలేదు. ఉత్తరం అంటించి ఖలీల్ సార్‌తో టికెట్ వాయిదా వేయించమంది. గడువుకు ఏడు వారాలే ఉన్నాయి. నా వైపు తిరిగి, పెన్సిల్ చెక్కుకో అంది.

ఆ నెల ఇంటికి పోవలసిన నా సెలవు నేనే మానుకున్నాను. రోజూ డ్యూటీ దిగి స్నానం చేసి నేరుగా ల్యాబ్‌కు పోయేవాణ్ణి. భయంతో మొదటి రెండు రోజులు ఈగ వేసిన మచ్చలకు కూడా నక్షత్ర జన్మ ప్రసాదించాను. ఆపా జత ఫిల్ము పెట్టి ఒక్కొక్కటే కొట్టేసింది. రెండింటిలోనూ ఉంటేనే నక్షత్రం, ఒక్కదాంట్లోనే ఉంటే ఈగ. ఆ తర్వాత చెయ్యి కుదురుకుంది. ఇన్నాళ్ళూ కన్నెత్తి చూడనివాటిని అప్పుడు మొదటిసారి తీరిగ్గా చూశాను. వెలుగు తక్కువవి కాబట్టి ఇవి పొదుపుగా కాలతాయట. పెద్దవన్నీ బూడిదయ్యాక, మనం వేసే రోడ్లు అరిగి, ఆ కనిపించే గుట్టలు కూడా అరిగిపోయాక ఇవి ఇంకా వెలుగుతూనే ఉంటాయట. ఆపా పాపను భుజం మీద వేసుకుని జోకొడుతూ ఈ సంగతులు చెబుతుంటే, నేను ఏడో సైజు, ఎనిమిదో సైజు అని పలుకుతూ పోయేవాణ్ణి. అది ఎవరికి జోలపాటో తెలియదు, పాపతో పాటు నాకూ కళ్ళు మూతలు పడేవి.

ఐదు వారాలకు లెక్క తేలింది. గీత మళ్ళీ గుట్ట ఎక్కింది, ఈసారి మొదటి దానికంటే నిటారుగా. ఆపా దాన్ని చాలాసేపు చూసింది.

"ఫెయిలైందా ఆపా?" అన్నాను.

"అందరిదెట్లుందో గట్లనే వచ్చింది," అంది. "ఇగ ఎవ్వరు వాపస్ పంపరు."

నవ్వింది గానీ, ఆ నవ్వులో కొంచెం దిగులు ఉంది. ఆ దిగులు నాదే, ఎవరిమీదా తోసేయలేను. వారం తిరక్కుండా పాపను తీసుకుని హైదరాబాద్ వెళ్ళింది. గడువుకు నాలుగు రోజుల ముందు థీసిస్ ఇచ్చేసింది.

కొన్ని నెలలకు, ఒక పొద్దున ఖలీల్ సార్ హల్వా డబ్బాతో ల్యాబ్‌లోకి వచ్చాడు. ఆపా డాక్టరైంది. ఆయన ఉత్తరం తీసి, నాకు సంబంధించిన భాగం పైకి చదివాడు. చిన్నవి ఏవీ తప్పిపోలేదని నీకెంత నమ్మకమని పరీక్ష చేసే పెద్దాయన అడిగాడట. ఆపా దాచకుండా నా కథంతా చెప్పేసిందట. గదిలో వాళ్ళంతా కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వారట. ఆ పెద్దాయన మాత్రం నవ్వడం అయ్యాక కళ్ళు తుడుచుకుని ఒకే ఒక ప్రశ్న వేశాడట.

"అంతా బాగుంది గానీ అమ్మా, ఆయన పరీక్ష చేసిన రోడ్డు ఎలా ఉంది?"

ఖలీల్ సార్ చదవడం ఆపాడు. నేను హల్వా నమలడం ఆపాను. ఇద్దరం ఒక్కసారే కిటికీలోంచి బయటికి చూశాం. మా కంకర లారీలు వరుసగా పోతున్నాయి.

మర్నాడు నేను కంకరను కడగలేదు. పాన్‌లో పడ్డ దుమ్మును కణం కూడా వదలకుండా తూచి, ఉన్నదున్నట్టు గీత గీశాను. గీత హద్దు దాటి పోయింది. పదకొండు లారీలు వెనక్కి తిరిగాయి. మధ్యాహ్నానికి కంకర కొట్టే క్రషర్ ఫోర్‌మన్ నన్ను వెతుక్కుంటూ ల్యాబ్ చుట్టూ తిరుగుతున్నాడు. ఖలీల్ సార్ నన్ను లోపలికి లాగి గడియ పెట్టి, చెవి దగ్గర చిన్నగా అన్నాడు.

"అరే లింబాద్రీ, మా ఇంటామె చదువు అయిపోయింది కదరా. ఇగ నిజం చెప్పుడు బంద్ జెయ్."

కాబట్టి అయ్యలారా, అమ్మలారా, మీ అందరి సాక్షిగా నేను ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో ఏ నక్షత్రాన్నీ, అది ఎంత బక్కదైనా, ఎంత మసకదైనా, నా పాన్‌లోంచి పారబోయను. ఎవరి ఆకాశాన్నీ పాస్ చేయించను. ఇక రోడ్డు విషయానికి వస్తే, మీరు ఎప్పుడైనా ఇబ్రా వైపు పోయి, బాగా పోతున్న కారు ఒకచోట ఉన్నట్టుండి ఎగిరిపడితే నన్ను తిట్టుకోకండి. ఆ ముక్క ఆపా ఉత్తరం రాకముందు వేసింది.